వెండి దారం బనీను

మూడోసారి కూడా గీత లేవలేదు.

సాయిలత ల్యాప్‌టాప్‌ను పక్కకు జరిపి, అత్త ముత్తవ్వ ఒంటి మీది బనీనుకున్న టిచ్ బటన్లు విప్పి మళ్ళీ నొక్కింది. బనీనుకు తగిలించిన, అగ్గిపెట్టెలో సగం ఉండే డబ్బీలో బ్యాటరీ మార్చింది. గట్టిగా గాలి పీల్చమంది, వదలమంది. ముత్తవ్వ చెప్పినట్టల్లా చేసి దగ్గు తెచ్చుకుంది తప్ప, మొన్న సాయంత్రం దాకా ఆమె ఊపిరితో పాటు లేచి పడిన పచ్చ గీత తెర మీద తిన్నగా పడుకునే ఉంది. దాని పక్కన గుండె దడ చూపించాల్సిన అంకె చోట సున్నా తప్ప ఏమీ లేదు.

పొద్దున ఎనిమిదయింది. మధ్యాహ్నం రెండింటికి కామారెడ్డిలో, సాయిలత పాఠాలు చెప్పే కాలేజీలో, హైదరాబాద్ నుంచి వచ్చే ఇంజినీర్ల ముందు ఈ బనీను పనిచేయాలి. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు ఆయాసం, వాళ్ళ మాటలో దమ్ము, ముదురుతుంటే ఆ సంగతి ఒంటి మీది బట్టే కనిపెట్టి చెబుతుందని వాళ్ళకు చూపించాలి. వాళ్ళు మెచ్చితే రెండు వందల బనీన్లు కుట్టే పని వాళ్ళ ఊరు ఎల్లారెడ్డికే వస్తుంది. మెచ్చకపోతే రెండేళ్ళ కష్టం అటకెక్కుతుంది.

ముత్తవ్వకు ఈ కంగారేమీ అంటలేదు. చుట్టిన బీడీలు తొమ్మిదిలోపు కార్ఖానాలో అప్పజెప్పి రావాలి, ఆమె తొందర ఆమెది. చీర కట్టిన చాటుకు పోయి బనీను విప్పి ఇచ్చి, రవిక తొడుక్కుని, చాటలోని కట్టలు సంచిలో సర్దుకుంది. మిషన్ల సంగతి చిన్నకోడలు చూసుకుంటుందని ఆమె నమ్మకం. గడప దాటుతూ బనీను వైపు ఒకసారి చూసి, ఎవరో మెచ్చుకుంటారని ఎదురుచూసే మనిషిలా చిన్నగా నవ్వుకుంది.

ఆ నవ్వు సాయిలత చూడలేదు. ముందు గదిలో కుట్టు మిషన్ దగ్గర కూర్చున్న పెద్దకోడలు అనిల చూసింది. చూసి, చేతిలో ఉన్న రవిక చంక అతుకు మీదికి తల దించుకుంది.

సాయిలత బనీను పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

“అక్కా, దారం మీద నూగు లేసింది. మొన్న గిట్ల లేకుండె.”

అనిల బనీను అందుకోలేదు. అక్కడి నుంచే చూసింది.

“నువ్వేమన్న ముట్టినవా?” అని సాయిలత అడిగింది.

“నేను ముట్టలే.”

అది అక్షరాలా నిజం. అనిల ఆ బనీనును నిన్నంతా వేలితో కూడా తాకలేదు. నిజం చెప్పి కూడా ఇంత ఇరుకున పడొచ్చని ఆమెకు ఇంతకు ముందు తెలియదు.

అనిల చెడ్డ మనిషి కాదు. ఈ మాట ఇక్కడే చెప్పి పెట్టడం మంచిది, ఎందుకంటే ఈ వారం ఆమె చేసిన పని తెలిశాక ఎవరికైనా అనుమానం వస్తుంది.

పదమూడేళ్ళుగా ఆమె ఎల్లారెడ్డిలో కుడుతోంది. భర్త శైలేందర్ దుబాయిలో ఉంటాడు. ఇంటి ముందు గదికి ‘అనిల లేడీస్ టైలర్స్’ అని బోర్డుంది. ఆ బోర్డు తప్ప ఆమె పేరు ఇంకెక్కడా రాసి లేదు, ఉండాలని ఆమె కోరుకోనూ లేదు. మరిది సిద్దార్థకు పెళ్ళామై బిచ్కుంద నుంచి సాయిలత వచ్చేదాకా అంతే.

సాయిలత ఎలక్ట్రానిక్స్ చదివింది. మెడలో కాలేజీ కార్డు వేలాడేసుకుని బస్సెక్కుతుంది. కాలేజీ వాళ్ళు వెండి పూత పూసిన నైలాను దారం తెప్పించారు. చూడడానికి మామూలు దారమే, కానీ దాంట్లో కరెంటు పారుతుంది. పక్కటెముకల మీద ఆ దారాన్ని కుడితే, ఛాతీ సాగినప్పుడల్లా ఆ కరెంటు మారుతుందని, ఆ మార్పే ఊపిరి లెక్క అని సాయిలత చెప్పేది. గుండె దడ కోసం రెండు వెండి గుడ్డ ముక్కలు వేరే ఉంటాయి. వినడానికి బాగానే ఉంది. కానీ ముత్తవ్వ బీడీ చుట్టే తునికాకు అందుకోవడానికి వంగిందో లేదో దారం పుటుక్కుమనేది. నాలుగు బనీన్లు అట్లాగే పోయాయి.

ఐదోది అనిల చేతికి వచ్చింది. సాగే బట్ట మీద తిన్నగా కుడితే ఏ దారమైనా తెగుతుందని పదో తరగతి తప్పిన అనిలకు తెలుసు. ముందు తన కొలతకే ఒకటి కత్తిరించుకుని, నడుం పట్టీలకు వేసే వంకర కుట్టు దాని మీద మామూలు దారంతో వేసి, వంగి లేచి చూసుకుంది. బట్ట సాగితే వంకర విచ్చుకుంటుంది, వదిలితే మళ్ళీ దగ్గరికొస్తుంది, దారానికి నొప్పి లేదు. తర్వాత అత్త కొలతకు వెండి దారంతో కుట్టింది. పై సూదిలో ఆ దారం చిక్కుపడుతోందని, అడుగున తిరిగే బాబిన్‌కు చుట్టి, బట్టను తిరగేసి కుట్టింది. ఆ రోజు గీత మొదటిసారి ముత్తవ్వ ఊపిరితో పాటు నడిచింది. సాయిలత ఆమెను గట్టిగా వాటేసుకుంది. అనిలకు వారం దాకా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ తర్వాత, ఇప్పటికి రెండు నెలల కింద, పేపరు వచ్చింది. జిల్లా పేజీలో బనీను ఎత్తి పట్టుకున్న సాయిలత ఫోటో. కింద పెద్ద వార్త. చివరి నుంచి రెండో వాక్యంలో, స్థానిక దర్జీ సాయంతో దీన్ని రూపొందించినట్టు ఆమె తెలిపారు అని ఉంది.

స్థానిక దర్జీ. అనిల ఆ రెండు మాటలను ఎన్నిసార్లు చదువుకుందో ఆమెకే తెలియదు. ఎదురింటి భూమక్క వచ్చి, ఆ దర్జీ ఎవరు, బస్టాండు దగ్గర ప్యాంట్లు కుట్టే ఆయనేనా అని అడిగింది. అనిల మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. దుబాయి నుంచి శైలేందర్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. సాయిలత మన ఇంటి పేరు నిలబెట్టిందట, తన రూములో అందరికీ చూపించాడట. ఫోటోలో బనీను అంత పెద్దగా కనిపిస్తుంటే, ఆ కుట్టు ఎవరి చేతిదో కట్టుకున్నవాడికి తెలియలేదు. అనిలకు అన్నిటికంటే అది మండింది.

అప్పటి నుంచి ఆమెకు సాయిలత ఏం చేసినా ఓర్వబుద్ధి కాలేదు. ఫోను మాట్లాడితే గొప్పలు పోతున్నట్టు, అక్కా అని పిలిస్తే పని కోసం పిలిచినట్టు అనిపించేది. పేపరును మాత్రం పారేయలేదు. మడిచి, కత్తెర కింద పెట్టుకుంది.

ఇక నిన్నటి సంగతి.

నిన్న మధ్యాహ్నం సాయిలత కాలేజీలో ఉండగా, ముత్తవ్వ బనీను తెచ్చి అనిల ముందు పరిచింది. రోజూ తొడిగిన ఈ రెండు వారాల చెమటకు వెండి దారం నల్లబడింది. అంత పెద్దోళ్ళ ముందుకు నల్ల వెండి తొడుక్కుని పోతే ఇజ్జత్ ఉంటదా అని ఆమె బాధ. పెళ్ళికి పోతే పట్టగొలుసులు తోముకోకుండా పోతామా అంది. దీన్ని దేనితో తోమాలని అడిగింది.

దాన్ని తోమకూడదని సాయిలత అనిలకు రెండుసార్లు చెప్పి ఉంది. ఉత్త నీళ్ళలో ముంచి నీడన ఆరేస్తే చాలు, నల్లబడినా పనికి అడ్డం లేదు, రుద్దితే మాత్రం పూత ఊడి దారం చచ్చిపోతుంది. అత్తమ్మకు కూడా నువ్వే చెప్పు అక్కా, నీ మాటైతే వింటది అని కూడా అంది.

ఆ మాట అనిల నోటి దాకా వచ్చింది. అప్పుడే కత్తెర కింద పేపరు కనిపించింది.

“వెండే గదా అత్తమ్మా,” అంది. “వెండిని దేంతోని తోముతం?”

అంతే. తోమమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ముత్తవ్వ తెల్ల పళ్ళపొడి డబ్బా, కుంకుడు రసం, పాత బ్రష్షు తీసుకుని నల్లా దగ్గరికి పోయింది. తోమే చప్పుడు ముందు గది దాకా వినిపించింది. అనిల మిషన్‌ను ఇంకాస్త గట్టిగా తొక్కింది.

ఇప్పుడు సాయిలత మీటరు తెచ్చి, దారం ఈ కొసకూ ఆ కొసకూ పట్టి చూసింది. కరెంటు పారడం లేదు. బట్ట ముక్కల కుప్ప మీద అట్లాగే కూలబడింది. ఏడుస్తుందని అనిల అనుకుంది. ఏడిస్తే ఎట్లా ఉంటుందో చూడాలని ఈ రెండు నెలల్లో చాలాసార్లు అనుకుంది కూడా. కానీ సాయిలత ఏడవలేదు. పొద్దుటి నుంచి చిక్కు తీయని జుట్టును ముడేసుకుని, తనలో తానే లెక్కలు వేసుకుంది.

రీలులో వెండి దారం ఒక్క బనీనుకు సరిపోను మిగిలింది, వెండి గుడ్డ ముక్కలూ రెండు ఉన్నాయి. అయితే పాత కుట్టు విప్పి అదే బట్ట మీద మళ్ళీ కుడదామంటే సూది తూట్లతో చిరిగిపోతుంది. ఆ సాగే బట్ట హైదరాబాద్ నుంచి రావాలి.

“నీ కొలతకు ఒకటి కుట్టుకున్నవు గదా అక్కా, ముందుగాల. అది ఉన్నదా?”

అది చెక్క పెట్టెలో అడుగున ఉంది. ఎలుకలు కొట్టాయని ఒక్క మాట అంటే చాలు, సాయిలత ఈ మధ్యాహ్నం అందరి ముందు చేతులు నలుపుకుంటూ నిలబడుతుంది. అనిలకు ఆ దృశ్యం కళ్ళకు కట్టింది. దానితో పాటు రెండు వందల బనీన్లూ కళ్ళ ముందుకొచ్చాయి. అవి పోతే, వంకర కుట్టు ఎవరిదో ఇక ఈ జన్మలో ఎవరూ అడగరు.

“ఉన్నది,” అంది. “గని అత్తమ్మకు రాదు. ఆమె నాలెక్క సన్నగ లేదు.”

“నువ్వే తొడుగు. నువ్వే కూసో కుర్సీల.”

అనిల పెట్టె తెరిచింది. అది దయ అని ఎవరూ అనుకోనక్కర్లేదు, ఆమె కూడా అనుకోలేదు.

బాబిన్‌కు వెండి దారం చుట్టడానికే పావుగంట పట్టింది. పాత మామూలు కుట్టును విప్పకుండా, దాని పక్కనే కొత్త వరసలు వేయాలి. సాయిలత పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని బట్టను రెండు చేతులా సాగదీసి పట్టుకుంది. ఒకరి మోచేయి ఒకరికి తగులుతోంది. మిషన్ చప్పుడులో మొదటి వరస అయింది. రెండో వరస కోసం బట్ట తిప్పినప్పుడు చప్పుడు ఆగింది, అనిల నోరు ఆగలేదు.

“లతా, పేపరోళ్ళకు నా పేరు జెప్పినవా?”

సాయిలత బట్ట మీద నుంచి చూపు ఎత్తలేదు.

“అడగలే వాళ్ళు.”

“అడగకుంటె చెప్పరాదా?”

వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది. సాయిలత మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

“చెప్పబుద్ధి కాలే,” అంది చివరికి.

అనిల ఎన్నో జవాబులు ఊహించుకుంది. మరిచిపోయానంటుందనుకుంది, వాళ్ళే కోసేశారంటుందనుకుంది. వాటన్నిటికీ తిరుగు మాటలు సిద్ధంగా పెట్టుకుంది. ఇది వాటిలో లేదు.

“ఈ ఇంట్ల అన్నీ నీయే అక్కా,” అని సాయిలత మెల్లగా మొదలుపెట్టింది. “అత్తమ్మ నీ చేతి బువ్వనే తింటది. నాకు జరమొస్తె, నీతోని కషాయం వంపిస్తది గని నా మంచం కాడికి రాదు. ఇంటికి ఎవరొచ్చినా మా పెద్దకోడలు అని నిన్నే సూపిస్తది. రెండేండ్లాయె నేనొచ్చి. నాకు గా ఒక్క ఫోటోనే ఉండె. అండ్ల గూడ నిన్ను నిలవెట్ట బుద్ధి కాలే.”

నిజం చెప్పాలంటే అనిలకు మొదట కలిగింది జాలి కాదు, సంతోషం. రెండు నెలలుగా తను ఎవరిని చూసి కుళ్ళుకుందో, ఆ మనిషి రెండేళ్ళుగా తనను చూసి కుళ్ళుకుంటోంది. తనలో కూడా ఒకరు ఓర్వలేనంత గొప్పతనం ఉందన్నమాట. ఆ సంతోషం మిషన్ నాలుగు చుట్లు తిరిగేంతసేపే ఉంది. తర్వాత, నల్లా దగ్గర వినిపించిన బ్రష్షు చప్పుడు గుర్తుకొచ్చింది.

“ఇయ్యాల జెప్త,” అంది సాయిలత. “అందరి ముంగట, మైకుల జెప్త. ఈ కుట్టు మా అక్కదని పేరు వెట్టి జెప్త. తప్పు నాదే.”

అనిల కాలు పెడలు మీదే ఆగిపోయింది. చెప్పాల్సిన సమయం ఇదేనని ఆమెకు తెలుసు. ఇంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని కూడా తెలుసు. చెబితే, ఆ మైకులో తన పేరు వినిపించదని కూడా తెలుసు.

“లతా...”

“ఏంది అక్కా?”

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ముత్తవ్వ ఖాళీ సంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చింది. మిషన్ కింద మరో బనీను చూసి, పాతదానికి ఏమైందని అడిగింది. సాయిలత నోరు తెరిచేలోపే అనిల అందుకుంది. కొత్తదైతే పెద్దోళ్ళ ముందు బాగుంటుందని కుడుతున్నామంది. బస్సుకు టైమవుతోంది, పోయి స్నానం చేసి మంచి చీర కట్టుకోమని అత్తను లోపలికి తరిమినంత పని చేసింది. ముత్తవ్వ ఇంకా ఏదో అనబోయి, పెద్దకోడలు చెప్పింది కదా అని వెళ్ళిపోయింది.

నిన్నటిది మాట మింగడం మాత్రమే. ఇది అబద్ధం. అనిలకు ఆ తేడా బాగా తెలిసింది, అయినా మూడో వరస కుట్టింది. అంత చక్కటి కుట్టు ఆమె ఎన్నడూ కుట్టలేదు.

పదకొండున్నర బస్సులో ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. ముత్తవ్వ కిటికీ దగ్గర, మధ్యలో సాయిలత, ఈ చివర అనిల. రవిక లోపల బనీను ఒంటిని పట్టుకుని ఉంది. లింగంపేట దాటాక సాయిలత ఫోను తీసి చూపించింది. చిన్న తెర మీద పచ్చ గీత లేస్తోంది, పడుతోంది. అది తన ఊపిరేనని అనిలకు నమ్మబుద్ధి కాలేదు. పక్కన గుండె దడ అంకె తొంభై రెండు.

“గింత దడ ఏంది అక్కా? భయమైతుందా?” అని సాయిలత నవ్వి, ఆమె చేయి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. రెండేళ్ళలో అట్లా చేయి పట్టుకోవడం అదే మొదలు. అంకె తొంభై ఏడుకు పోయింది. అనిల తల పక్కకు తిప్పుకుని, అవతలి కిటికీలోంచి ఎదురొచ్చే లారీలను చూస్తూ కూర్చుంది.

కాలేజీ హాలు నిండింది. ముందు వరసలో హైదరాబాద్ వాళ్ళు, వెనక పిల్లలు, పక్కన కామారెడ్డి బీడీ కార్ఖానాల నుంచి పిలిపించిన పాతిక మంది ఆడవాళ్ళు. వేదిక మీద రెండు కుర్చీలు. ఒకదాంట్లో అనిల, ఇంకోదాంట్లో బీడీలు చుట్టే మనిషిగా రెండు మాటలు చెప్పడానికి ముత్తవ్వ. వాళ్ళ వెనక గోడంత తెర, దాని మీద అనిల ఊపిరి.

సాయిలత బాగా చెప్పింది. దారం సంగతి, సాగే బట్ట సంగతి, తెగిపోయిన నాలుగు బనీన్ల సంగతి దాచకుండా చెప్పింది. ఐదోదాని దగ్గరికి వచ్చేసరికి అనిల వైపు చూసి, ఈ కుట్టు ఎవరిదో చివరలో చెబుతానంది. వంగమంటే అనిల వంగింది, చేతులు ఎత్తమంటే ఎత్తింది. గీత ఎక్కడా తెగలేదు. చప్పట్లు మోగాయి. బీడీల ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ తెరను చూపించుకున్నారు.

ముందు వరసలోని తెల్లజుట్టు పెద్దాయన, అందరికంటే పై ఇంజినీరు, చేయెత్తాడు. ఉతకడం సంగతేమిటని అడిగాడు. రోజూ ఒంటి మీద ఉండే బట్టకు అదే అసలు పరీక్ష అన్నాడు. సాయిలత ఉత్త నీళ్ళని, నీడన ఆరేయడమని చెప్పింది. ఆయన తల ఊపి, మీరు చెప్పడం కాదు, తొడుక్కున్నవాళ్ళు చెప్పాలి అని ముత్తవ్వ వైపు తిరిగాడు.

“అవ్వా, నువ్వు ఎట్లా ఉతికావో చెప్పు.”

పొద్దుటి నుంచి ఈ ఒక్క మాట ఎవరైనా అడుగుతారా అనే ముత్తవ్వ చూస్తోంది. మైకును రెండు చేతులా పట్టుకుంది.

“ఉతుకుడు గాదు సారూ, తోమిన. దారం నల్లగైతే నిన్న పండ్లపొడి ఏసి, కుంకుడు రసంతోని, పట్టగొలుసులు తోమినట్టు తోమిన. తెల్లగ అయ్యేదాంక ఇడవలే. ఊకెనే తోమలే సారూ, మా పెద్దకోడల్ని అడిగినంకనే తోమిన. వెండే గదా అత్తమ్మా, వెండిని దేంతోని తోముతమో దాంతోనే తోము అన్నది. మా అనిల శానా తెలివిగల్లది.”

హాలంతా నవ్వింది. అందులో వెక్కిరింత లేదు, ఇష్టంగానే నవ్వారు. సాయిలత కూడా నవ్వబోయింది. నవ్వు మొహం మీద సగంలో ఉండగానే ఆగిపోయింది.

ఆమె అనిల వైపు చూడలేదు. తెర వైపు చూసింది.

అంకె నూట నాలుగు. నూట పదిహేను. పచ్చ గీత ఇంతసేపూ పడిన పద్ధతి మరిచిపోయి, దగ్గర దగ్గరగా, చిన్న చిన్నగా ఎగురుతోంది. నూట ఇరవై ఎనిమిది. అనిల నిబ్బరంగా ఉండాలని చూసింది. మొహాన్ని నిబ్బరంగా పెట్టుకోవడం ఆమెకు వచ్చు, పొద్దుటి నుంచి అదే చేస్తోంది. కానీ ఇవాళ తన మొహాన్ని ఎవరూ చూడడం లేదు. అందరూ తెరనే చూస్తున్నారు. ఆ తెరకు తన లోపలిదంతా మోసుకుపోతున్నది తను కుట్టిన కుట్టే.

పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. కూర్చున్న మనిషికి ఇంత దడ ఏమిటి, పరికరం తప్పు చూపిస్తోందా అని అడిగాడు.

సాయిలత తెర మీద నుంచి చూపు ఆయన వైపు తిప్పింది.

“లేదు సార్. సరిగ్గనే చూపిస్తున్నది.”

ఆయనకు ఆ జవాబు నచ్చింది. ఇంత గోలలోనూ దారం నిలిచిందంటే కుట్టు గట్టిదే అన్నాడు. కుట్టింది ఎవరో చెబుతానన్నారు కదా, చెప్పండి అన్నాడు.

సాయిలత ముత్తవ్వ చేతిలోంచి మైకు తీసుకుంది. ఆమె మాట తప్పలేదు.

“ఆమె పేరు అనిల. మా ఇంటి పెద్దకోడలు, నాకు అక్క. ఈ వంకర కుట్టు ఆమెదే. బాబిన్‌కు దారం చుట్టి తిరగేసి కుట్టుడు కూడా ఆమె ఆలోచనే. నేను నాలుగు చెడగొట్టిన, ఆమె ఒక్కటి నిలబెట్టింది. పేపర్ల స్థానిక దర్జీ అని వచ్చింది గదా, ఆ దర్జీ ఈమెనే.”

రెండు నెలలుగా అనిల ఏ మాటల కోసం కత్తెర కింద పేపరు దాచుకుందో, ఆ మాటలన్నీ ఒక్కటి కూడా తగ్గకుండా హాలులో మోగాయి. జనం చప్పట్లు కొట్టారు. బీడీల ఆడవాళ్ళలో ఒకామె లేచి నిలబడి మరీ కొట్టింది. అనిల తల ఎత్తలేకపోయింది.

చప్పట్లు సద్దుమణిగాక సాయిలత నడిచి వచ్చి ఆమె ముందు నిలబడింది. మైకును ఆమె చేతిలో పెట్టి, వేళ్ళను దాని చుట్టూ మూసింది. బస్సులో పట్టుకున్న చేయే అది, ఇప్పుడు చల్లగా ఉంది.

“ఈ దారాన్ని పండ్లపొడితోని తోమితే ఏమైతదో నాకంటె మా అక్కకే బాగ ఎరుక సార్,” అంది, అందరికీ వినిపించేలా. “ఆమెనే చెప్తది.”

ముత్తవ్వ మురిసిపోతూ కుర్చీ ఇటు జరుపుకుంది.

“చెప్పు బిడ్డా,” అంది.

అనిల మైకును నోటి దగ్గరికి తెచ్చుకుని గాలి పీల్చుకుంది. వెనక గోడ మీద పచ్చ గీత నిలువునా పైకి లేచింది. ఆమె ఇంకా వదలలేదు, అది ఇంకా దిగలేదు.